పిల్లీ, కుక్కా, మధ్యలో పండుగప్ప: మా కార్టూన్ ఎపిసోడ్ డైరీ

మే 19

మూడు నెలలుగా నోటిమాటగా నడుస్తున్న పని ఈరోజు కాగితం మీదికి వచ్చింది. తాళ్ళరేవు దగ్గర మా డాబా మీద సాయంత్రం నలుగురం కూర్చున్నాం. నేను, మా వదిన, ఇంటర్ రెండో ఏడాదికి వస్తున్న మా మేనల్లుడు, గోడల మీద బోర్డులు రాసే ఆర్టిస్టు గారు. తీయబోయేది కార్టూన్ సిట్‌కామ్, అంటే అవే పాత్రలతో ఎపిసోడ్‌కో కొత్త నవ్వుల కథ. పేరు 'మడ కాలనీ'. మొదటి ఎపిసోడ్ కథ ఒక్క ముక్కలో చెప్పాలంటే, పడనివాళ్ళిద్దరికి స్నేహం కుదరడం.

ఆ ఇద్దరూ ఎవరన్నది భాషే తేల్చేసింది. కోరింగ మడ అడవుల్లో రాత్రిపూట చేపలు పట్టుకు తినే పిల్లి ఒకటి ఉంది. మనవాళ్ళు దాన్ని బావురుపిల్లి అంటారు, నీటిపిల్లి అంటారు. అదే ఉప్పుటేళ్ళలో గుంపులుగా ఈదే ఆటర్‌ని నీటికుక్క అంటారు. నిజానికి ఆటర్ కుక్కల జాతిది కాదు. అయినా ఎప్పుడో ఎవరో ఒకదానికి పిల్లి అనీ ఇంకోదానికి కుక్క అనీ పేరు పెట్టేశారు. ఇద్దరి తిండీ చేపే, ఇద్దరి ఇల్లూ ఒకే బురద. తగువు మేం కల్పించక్కర్లేదు.

పిల్లి బావురమ్మ గారు. ఒంటరిది, మాట తక్కువ, పగలంతా నిద్ర. నీటికుక్క ఈలమ్మ. నలుగురు పిల్లల తల్లి, ఎప్పుడూ ఈల వేసినట్టు కిచకిచమంటూనే ఉంటుంది. కాలనీ ప్రెసిడెంటు ఒక మండపీత. ఆయన ఏ మాట మొదలెట్టినా 1839 తుపాను దగ్గరికే వెళ్తాడు. ఆ తుపానుతోనే కోరింగ రేవు పాడైపోయింది, ఆ రోజు వాళ్ళ ముత్తాత ఏ బొరియలో దాక్కున్నాడో ప్రతి ఎపిసోడ్‌లోనూ కొత్తగా చెబుతాడు. ఊసులు మోసుకు తిరిగేది లకుముకి పిట్ట. గట్టు మీద ముగ్గురు కొంగ అక్కచెల్లెళ్ళు.

వదిన అడిగింది: "ఇంతకీ గొడవ దేని గురించి?" పండుగప్ప చేప గురించి అన్నాను. అందరూ ఒక్కసారే నవ్వారు. మా వైపు పండుగప్ప కోసం అన్నదమ్ములే మాట్లాడుకోవడం మానేస్తారు, పిల్లీ కుక్కా ఎంత!

మే 27

లెక్క వేశాను. టీవీ సిట్‌కామ్ ఎపిసోడ్ మామూలుగా 22 నిమిషాలు ఉంటుంది. మాకు అంత శక్తి లేదు, 11 నిమిషాలు చాలు. 660 సెకన్లు, సెకనుకి 24 ఫ్రేములు (తెర మీద నిలిచే ఒక్కో చిత్రం ఒక ఫ్రేము), మొత్తం 15,840. ఒక్కో బొమ్మని రెండు ఫ్రేముల పాటు నిలిపితే 7,920 బొమ్మలు. నలుగురం, అందులో ఒకరు చదువుకునే పిల్లాడు. ప్రతి బొమ్మా గీస్తూ కూర్చుంటే వాడి డిగ్రీ అయ్యాక ఎపిసోడ్ వస్తుంది.

ఈ ఇబ్బంది మాకే కొత్త కాదు. అమెరికాలో ప్రధాన ప్రసార సమయంలో వచ్చిన మొదటి యానిమేషన్ సిట్‌కామ్ ది ఫ్లింట్‌స్టోన్స్, 1960లో మొదలైంది. దాన్ని తీసిన హానా-బార్బెరా సంస్థ తమ పాత్రల మెడకి కాలరో టైయో తగిలించేది. ఒళ్ళు కదలకుండా ఉంచి తల మాత్రమే మళ్ళీ గీసుకోవడానికి, ఆ రెంటి అతుకూ కనపడకుండా ఉండడానికి. వారం వారం ఎపిసోడ్ ఇవ్వాలంటే గీయడం తగ్గించి మాటని పెంచాలని వాళ్ళు కనుక్కున్నారు.

మాకు అంతకంటే దగ్గరి దారి తోలుబొమ్మ. కాకినాడకి దగ్గర్లోని మాధవపట్నం తోలుబొమ్మలాటకి పేరున్న ఊరు. చిన్నప్పుడు జాతరలో తెర వెనక్కి వెళ్ళి చూశాను. భుజం దగ్గర ఒక ముడి, మోచేయి దగ్గర ఒక ముడి, నడుము దగ్గర ఒకటి. ముక్కలుగా కోసి దారంతో కట్టిన బొమ్మ, కర్రతో ఆడిస్తే ప్రాణం వచ్చేది. మేం బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో, బొమ్మలు గీసే గ్రీజ్ పెన్సిల్ అనే పనిముట్టుతో చేయబోయేదీ అదే పని, దారానికి బదులు కంప్యూటర్‌లో కీలు. తోలుబొమ్మలాటలోని జుట్టుపోలిగాడూ బంగారక్కా రాముడి కథ మధ్యలో దూరి తగువాడుకుంటే జనం తెల్లవార్లూ లేవకుండా కూర్చునేవారు. సిట్‌కామ్ అన్న మాట మనకి తెలియకముందే ఆ పని మన దగ్గర జరిగింది.

బావురమ్మ గారు 31 ముక్కలు, ఈలమ్మ 27. కాలర్ అక్కర్లేకుండానే బావురమ్మ తలకీ ఒంటికీ అతుకు దాగిపోయింది. నీటిపిల్లికి నుదుటి నుంచి మెడ మీదుగా నల్లటి చారలు ఉంటాయి, అతుకుని వాటి కింద పెట్టేశాం. ఈలమ్మకి గొంతు కింద లేతరంగు మొదలయ్యే గీత పనికొచ్చింది.

జూన్ 8

కోరింగ వెళ్ళి వచ్చాం, తెల్లవారుజామున బయల్దేరి. చెక్క వంతెన మీద నడిచి, తర్వాత పడవ ఎక్కాం.

నీటిపిల్లి కనపడలేదు, కనపడుతుందని అనుకోనూ లేదు. అది రాత్రి జంతువు. కానీ బురదలో అడుగులు ఉన్నాయి. పడవ అబ్బాయి చూపించాడు. మామూలు పిల్లి అడుగులో గోరు గుర్తు పడదు, ఇందులో పడింది. ఈ పిల్లికి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, కొనలు బయటికే ఉంటాయి. ఆ గుర్తు చూసిన నిమిషంలోనే ఒక డైలాగు వచ్చింది, పడవలోనే రాసుకున్నాను.

ఈలమ్మ: "గోళ్ళు లోపలికి పోవాండీ? పాపం, డాక్టరుకి చూపించుకోకపోయారా?"

నీటికుక్కలు మాత్రం కనపడ్డాయి. ఐదు. పాయ మలుపు తిరగ్గానే తలలు తేలాయి, మమ్మల్ని చూసి మెడలు నిలువునా ఎత్తి, ఒకదాన్నొకటి పిలుచుకుని మునిగిపోయాయి. మేనల్లుడు ఫోన్‌లో తీసిన 14 సెకన్ల వీడియో ఇప్పుడు మాకు పాఠ్యపుస్తకం. మెడ ముందు లేస్తుంది, తర్వాత భుజం, ఒక క్షణం ఆగి తోక. ఆ ఆగడం లేకపోతే అది నీటికుక్కలా ఉండదు, రబ్బరు గొట్టంలా ఉంటుంది.

ఆర్టిస్టు గారు జంతువుల్ని పట్టించుకోలేదు. ఆయన మడచెట్ల వేళ్ళు చూస్తూ కూర్చున్నారు. నల్లమడ, తెల్లమడ చెట్ల చుట్టూ బురదలోంచి వేల కొద్దీ వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, చెట్టు వాటితోనే ఊపిరి పీలుస్తుంది. ఆయన అన్నారు: "ఇవి గీస్తే అడవి వచ్చేసినట్టేనండి. ఆకులు తర్వాత చూసుకోవచ్చు." ఇరవై ఏళ్ళు గోడల మీద బ్రష్షుతో అక్షరాలు రాసిన చెయ్యి అది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని దాదాపు పోయింది. పడవలో ఆయన ఒళ్ళో పెట్టుకుని వేసిన ఆరు బొమ్మలే మా ఎపిసోడ్‌కి వెనక తెరలు అవుతాయి.

ఇంకొక సంగతి పడవ అబ్బాయి దగ్గర తెలిసింది, కథ మొత్తం దాని మీద తిరిగింది. చిరిగిన వల ముక్కలు పోటుకి కొట్టుకొచ్చి వేళ్ళకి చుట్టుకుంటాయట. "వల కన్నులోంచి తల దూరిపోద్దండి, భుజాల దగ్గర బిగిసిపోద్ది. వెనక్కి లాక్కుంటే ఇంకా బిగుసుద్ది." ఈదే జంతువుకి నీటి భయం ఎలా పెట్టాలా అని నెల రోజులుగా కొట్టుకుంటున్నాను. నీటికుక్క ఊపిరి బిగబట్టగలదు, కానీ కొద్ది నిమిషాలే. ఆటులో వలకి చిక్కుకుంటుంది. ఆరేడు గంటల్లో పోటు వస్తుంది. గడియారం అక్కర్లేదు, నీరే గడియారం.

జూన్ 20

రిగ్గింగ్, అంటే ముక్కలకి కీళ్ళు అమర్చి కదిలేలా చేయడం. వారమంతా ఇదే. ఈలమ్మ తోక ఏడు ముక్కలు చేస్తే బాగుంది, ఐదు చేస్తే విరిగినట్టుంది. బావురమ్మ తోక పొట్టి, రెండు ముక్కలు చాలు. కరెంటు నాలుగుసార్లు పోయింది, రెండుసార్లు పని పోయింది. ఇకనుంచి పది నిమిషాలకోసారి సేవ్.

జూలై 3

స్క్రిప్టు పూర్తయింది, 14 పేజీలు. దీని గురించి కాస్త ఎక్కువే రాసుకోవాలి.

మా గోదావరి జిల్లాల్లో తిట్టుకునేటప్పుడు కూడా గౌరవం వదలరు. "తమరు దొంగండీ" అంటారు. "ఆయ్, మీ అంత వారం కాదులెండి" అని జవాబు వస్తుంది. బయటి ఊరి వాళ్ళకి అది వెటకారం. మాకు అది గట్టు, దాని మీద నిలబడి ఎంత దూరమైనా మాటలు విసురుకోవచ్చు. 'అండీ' ఉన్నంతసేపు ఇద్దరూ ఎవరి గట్టున వాళ్ళు ఉన్నట్టు. అది జారిపోయిందంటే రెండే కారణాలు: చెయ్యి లేవబోతోంది, లేదా మనసు కలిసింది.

అందుకే ఈ ఎపిసోడ్‌లో స్నేహం ఎక్కడా ఆ పేరుతో వినపడదు. ఎవరూ కౌగిలించుకోరు. మొదటి నుంచి ఇద్దరూ మీరూ అండీ అనుకుంటూనే ఉంటారు.

"ఏవండీ, ఆ పండుగప్ప నేను రాత్రి నుంచి కాపు కాసిందండీ."
"కాపు కాస్తే సరిపోద్దాండీ? పట్టాలి కదండీ మరి."
"మీ పిల్లలు చేసే గోలకి చేప నిలబడుద్దాండీ?"
"పోన్లెండి, మీకు వినపడుతున్నందుకైనా సంతోషం. మనుషుల్లేని కొంప కదండీ పాపం."

చివరి మాటకి బావురమ్మ ఏమీ అనదు, తల తిప్పుకుంటుంది. అక్కడ 30 ఫ్రేములు నిశ్శబ్దం రాశాను. ఆ మాట తగిలిందని చూసేవాళ్ళకి తెలియాలి. 'మనుషుల్లేని' అని ఒక జంతువు అనడం తప్పేమో అని మేనల్లుడు అడిగాడు. ఉండనీ అన్నాను, వాళ్ళు మనవాళ్ళలా మాట్లాడేవాళ్ళే.

తొమ్మిదో నిమిషంలో ఈలమ్మ వలలో చిక్కుకుంటుంది. పోటు పైకొస్తుంటుంది. బావురమ్మ నీళ్ళలో దూకి, ఈలమ్మ ఎగతాళి చేసిన ఆ గోళ్ళతోనే వల కోస్తుంది. గింజుకుంటున్న ఈలమ్మ మీద అరుస్తుంది: "కదలకే, పిచ్చిమొహమా!" మొదటిసారి 'అండీ' లేదు. పదో నిమిషంలో ఇద్దరూ చేప పంచుకుంటారు. అయిపోయింది.

ఈ రాత్రికి బాగానే ఉందనిపిస్తోంది.

జూలై 12

రికార్డింగు. మా పెదనాన్న గారింట్లో ధాన్యం గది అడిగి తీసుకున్నాం. మూడు గోడలకీ బస్తాలు పేర్చి ఉన్నాయి. గోనెసంచీ, లోపల వడ్లు, గొంతు ఎక్కడా ప్రతిధ్వనించదు. ఫోమ్ కొనే డబ్బు మిగిలింది. ఫ్యాన్ కట్టేసి తలుపు వేస్తే మాత్రం లోపల పది నిమిషాలకి మించి ఉండలేం.

బావురమ్మకి గొంతు ఇచ్చింది రిటైరైన మా తెలుగు టీచరు గారు. నాకూ మా వదినకీ కూడా చదువు చెప్పారు. ఈలమ్మ మా వదిన. మొదటి గంట వదిన నోరు పెగల్లేదు. టీచరు గారిని ఎదురుగా పెట్టుకుని "మనుషుల్లేని కొంప" అని ఎలా అనేది? టీచరు గారే అన్నారు: "అను తల్లీ. నేను ఇప్పుడు పిల్లిని." ఆ తర్వాత ఒక్క టేకులో వచ్చింది, ఆ టేకే ఉంచాం. ఆ తడబాటు ఈలమ్మకి కూడా పనికొచ్చింది, నోరు జారాక తనకే తెలిసినట్టుంది.

జూలై 25

పెదవుల పని. ఎవరైనా తెలుగులో కార్టూన్ చేయాలనుకుంటే ఈ పేజీ వాళ్ళ కోసం.

నెట్‌లో దొరికే నోటి బొమ్మల పట్టికలన్నీ ఇంగ్లీషు మాట కోసం చేసినవి. ఇంగ్లీషు మాట చాలావరకు హల్లుతో ఆగుతుంది. మన మాట అచ్చుతో ఆగుతుంది. కాబట్టి తెలుగు పాత్ర మాట ముగించినప్పుడు నోరు తెరుచుకునే ఉండాలి, తర్వాతే మూయాలి. మేం ఆ పట్టికల్ని పట్టుకుని మొదటి రెండు నిమిషాలు చేశాం. బావురమ్మ ప్రతి మాటనీ మింగేస్తున్నట్టుంది. తీసేసి మళ్ళీ చేశాం.

అంతకంటే పెద్ద తప్పు సున్నతో జరిగింది. మేనల్లుడు సున్న కనపడిన చోటల్లా పెదవులు మూశాడు. చూస్తే 'అండీ' కాస్తా 'అమ్డీ' అయిపోయింది. స్క్రిప్టులో 'అండీ' వందకు పైగా చోట్ల ఉంది! సున్న ఒక అక్షరమే కానీ దాని పలుకు పక్కనున్న అక్షరం చెబుతుంది. 'పంపు'లో పెదవులు కలుస్తాయి, 'పండు'లో కలవవు, నాలుక లోపల పైకి తగులుతుంది, బయటికి కనపడదు. 'పుస్తకం'లా మాట చివర సున్న వస్తే మళ్ళీ కలుస్తాయి. టీచరు గారు వాడిని కూర్చోబెట్టి అద్దం ఇచ్చారు. "ఏరా, పంపు అను. పండు అను. ఏది మూసుకుంది?" పావుగంటలో వాడికి అర్థమైంది, నాకూ అప్పుడే అర్థమైంది.

ద్విత్వం ఇంకో సంగతి. 'చెపు' వేరు, 'చెప్పు' వేరు. ఒత్తు ఉన్నచోట పెదవులు మూసి ఉండే కాలం దాదాపు రెట్టింపు. మేం ఒక్క 'ప'కి ఒక బొమ్మ, 'ప్ప'కి రెండు బొమ్మలు పెట్టుకున్నాం. పరీక్షకి మాకు దొరికిన మాట 'పండుగప్ప'. మొదటి 'ప' ఒక బొమ్మ, సున్న దగ్గర మూయకూడదు, 'డు' దగ్గర పెదవులు గుండ్రం, 'గ' తెరిచి, 'ప్ప' రెండు బొమ్మలు, చివర నోరు తెరుచుకుని ఆగాలి. ఈ ఒక్క మాట సరిగా వస్తే మిగతా స్క్రిప్టంతా వస్తుంది. రాత్రి పదకొండింటికి వచ్చింది. బావురమ్మ మా ముందు "పండుగప్ప" అంది. ఆ పిల్లాడు లేచి డాబా చుట్టూ ఒక చుట్టు పరిగెత్తి వచ్చాడు.

ఆగస్టు 9

గోదావరికి ఎర్రనీరు వచ్చింది. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక, 11.75 అడుగులు. అక్కడ విడిపోయిన గౌతమి పాయ నీరు ఇటే వస్తుంది. కోరింగ పాయలు చూసొచ్చాం. జూన్‌లో ఆకుపచ్చ కలిసిన బూడిద రంగులో ఉన్న నీరు ఇప్పుడు ఇటుకపొడి కలిపినట్టుంది. ఆర్టిస్టు గారు ఆగమన్నారు. వేసిన తెరలన్నీ జూన్ రంగువే. పోటు వచ్చే సన్నివేశంలో నీరు ఈ ఎరుపు అయితే? మొదటి ఎనిమిది నిమిషాలు బూడిద పచ్చ, వల సన్నివేశం నుంచి ఎర్రనీరు. వరద ముందు కాలం నుంచి వరద కాలానికి కథ నడిచినట్టు కూడా ఉంటుంది. నాలుగు తెరలు మళ్ళీ వేయాలి. ఆయనే ఒప్పుకున్నారు, సంతోషంగా.

ఆగస్టు 21

యానిమేటిక్ మొత్తం మొదటిసారి కూర్చుని చూశాం. అంటే బొమ్మలు కదలకుండా, మాటలు మాత్రం వినపడుతూ, సమయం సరిచూసుకునే కూర్పు. ఎనిమిది నిమిషాలు నవ్వుతూనే ఉన్నాం. వల సన్నివేశానికి మా అమ్మ ముందుకి జరిగి కూర్చుంది. తర్వాత చేప పంచుకున్నారు. ఎవరూ ఏమీ అనలేదు. బాగుంది అన్నారు, ఆ బాగుందిలో ఏమీ లేదు.

టీచరు గారు కాఫీ తాగేదాకా ఆగి ఒక కథ చెప్పారు. భారతం, శాంతిపర్వంలో భీష్ముడు ధర్మరాజుకి చెప్పింది. మర్రిచెట్టు కింద పలితుడనే ఎలుక, చెట్టు మీద లోమశుడనే పిల్లి. పిల్లి వేటగాడి వలలో పడింది. ఎలుక సంతోషించేలోపే ఒక వైపు ముంగిస, పైన గుడ్లగూబ కనపడ్డాయి. ఎలుక వెళ్ళి పిల్లి ఒళ్ళోనే దాక్కుంది, వల కొరుకుతానని మాట ఇచ్చింది. కానీ వేటగాడు కనపడేదాకా ఆఖరి తాడు కొరకలేదు. ముందే కొరికితే పిల్లి తననే తినేస్తుందని. ఇద్దరూ బతికారు. తర్వాత పిల్లి ఎంతో ప్రేమగా పిలిచింది, రా మిత్రమా అని. ఎలుక రానంది. మనల్ని కలిపింది అవసరం, ఆ అవసరం తీరిపోయింది అంది.

"మీ కథ కూడా అక్కడే ఆగింది కదమ్మా," అన్నారు టీచరు గారు. "పిల్లి ప్రాణం కాపాడింది, కుక్క చేప ఇచ్చింది. బాకీ తీరింది. స్నేహం ఎక్కడ మొదలైంది?"

రాత్రంతా అదే ఆలోచన. పడని ఇద్దరిని ఆపదలో పడేసి, ఒకరి చేత ఒకరిని రక్షింపజేయడం తేలిక. దానికి కృతజ్ఞత వస్తుంది. కృతజ్ఞత ఉన్నచోట ఇంకా గట్టు ఉంటుంది, పైగా ఎత్తు పెరుగుతుంది. నేను 'అండీ' తీసేసిన చోటు తప్పు కాదు, అది భయంతో పోయిన 'అండీ'. కష్టం గట్టెక్కగానే అది తిరిగి రావాలి. వస్తుంది కూడా, మా ఊళ్ళో ఎవరికైనా తెలుసు. నిన్న వరదలో ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటినవాళ్ళు ఇవాళ వీధిలో ఎదురైతే మళ్ళీ "బాగున్నారాండీ" అనే అనుకుంటారు. ఆ తర్వాత ఏ అవసరమూ లేకుండా ఒకరి అరుగు మీదికి ఒకరు వచ్చి కూర్చున్నప్పుడు పోయేదే అసలు పోవడం.

ఆగస్టు 24

మార్చిన స్క్రిప్టు. వల సన్నివేశం తొమ్మిదో నిమిషం నుంచి ఏడో నిమిషానికి వచ్చింది. చేప పంచుకోవడం తీసేశాను.

వల తెగాక ఇద్దరూ గట్టెక్కి ఒగరుస్తారు. బావురమ్మ ఒళ్ళు దులుపుకుంటుంది. పై బొచ్చు మాత్రమే తడుస్తుంది, లోపలి దట్టమైన పొర నీటిని చర్మం దాకా రానివ్వదు, కాబట్టి ఒక్క విదిలింపుకే ఆరిపోయినట్టు గీయాలి. ఈలమ్మ చాలాసేపటికి అంటుంది: "థాంక్సండీ." బావురమ్మ: "పర్లేదండీ." ఇద్దరూ రెండు వైపులకి వెళ్ళిపోతారు. మర్నాడు ఈలమ్మ పెద్ద పండుగప్ప తెచ్చి బావురమ్మ గుమ్మంలో పెడుతుంది. బావురమ్మ దాన్ని తిరిగి పంపేస్తుంది: "ఊరికే తీసుకోమండీ." ఈలమ్మకి కోపం. మళ్ళీ పెడుతుంది. మళ్ళీ తిరిగొస్తుంది. లకుముకి పిట్ట ఆ చేపని మోసి మోసి రెక్కలు పడిపోయి, ప్రెసిడెంటు మండపీత దగ్గర పంచాయితీ పెడుతుంది. ఆయన 1839 మొదలెడతాడు. ఆ గందరగోళంలో కొంగ అక్కచెల్లెళ్ళు చేపని తినేస్తారు. ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు, తిరగ్గొట్టడానికీ ఏమీ మిగల్లేదు.

ఆఖరి సన్నివేశం. ఆటు సమయం, బురద అంతా బయటపడి ఉంది, చేప దొరికే వేళ కాదు. ఈలమ్మ ఒక్కతే వస్తుంది, చేతిలో ఏమీ లేదు, పిల్లలు లేరు, ఈల లేదు. బావురమ్మ మడ కొమ్మ మీద ఉంది. చాలాసేపు చూస్తుంది. తర్వాత కాస్త పక్కకి జరుగుతుంది.

"కూర్చో."

అంతే.

సెప్టెంబర్ 6

మళ్ళీ ధాన్యం గదికి. ఈసారి బస్తాలు సగం అమ్ముడైపోయాయి, గది మోగుతోంది. ఖాళీ గోడకి బొంతలు వేలాడదీశాం.

'కూర్చో' ఒక్క మాటకి 23 టేకులు. టీచరు గారు మొదట ఆప్యాయంగా అన్నారు, తల్లి బిడ్డతో అన్నట్టు. వద్దన్నాను. తర్వాత విసుగ్గా. అదీ కాదు. చివరికి ఆవిడ నా వైపు తిరిగి, "ఎంతసేపు నిలబడతావు, కూర్చో," అన్నారు. స్క్రిప్టులోది కాదు, నిజంగా నాతోనే అన్నారు. మైకు ఆన్‌లోనే ఉంది. మొదటి రెండు మాటలూ కోసేసి అదే పెట్టాం.

'అండీ' లేని చోట సమయం కూడా మారింది. మా రికార్డింగుల్లో 'అండీ' 7 నుంచి 9 ఫ్రేములు తీసుకుంటోంది. ఎపిసోడ్ అంతా ఆ తోకకి చెవి అలవాటు పడిపోతుంది. కాబట్టి 'కూర్చో' తర్వాత ఆ 9 ఫ్రేములూ ఖాళీగా వదిలాను. రాని 'అండీ' అక్కడ వినపడాలి. మేనల్లుడు వదలకుండా చూశాక ఒక్క మాట అన్నాడు: "మావయ్యా, అక్కడ ఏదో తగ్గినట్టుంది." అదే కావాలి, ముట్టుకోకు అన్నాను.

సెప్టెంబర్ 28

వీధిలో దుప్పటి కట్టి చూపించాం, ప్రొజెక్టరు అద్దెకి తెచ్చి. సుమారు అరవై మంది. శబ్దం ఇంకా పూర్తి కాలేదని ముందే చెప్పాను.

"థాంక్సండీ", "పర్లేదండీ" దగ్గర వచ్చినంత నవ్వు ఎపిసోడ్ మొత్తంలో ఇంకెక్కడా రాలేదు. వెనక ఎవరో "అంత జరిగాక కూడానా!" అన్నారు. చేప మోసే సన్నివేశానికి పిల్లలు పడి పడి నవ్వారు. ఆఖర్న 'కూర్చో' అన్నప్పుడు వీధంతా నిశ్శబ్దం. ముందు వరసలో ఒక మామ్మ గారు పక్కావిడ చెయ్యి మీద చెయ్యి వేసింది. నేను తెర చూడడం మానేసి అదే చూశాను.

తప్పులు కూడా దొరికాయి. చేపల వేటకి వెళ్ళే ఆయన ఒకరు అయ్యాక నా దగ్గరికొచ్చి, పంచాయితీ సన్నివేశంలోనూ ఆటే, మర్నాడు ఆఖరి సన్నివేశంలోనూ అదే వేళకి ఆటే చూపించారేంటి అన్నారు. ఆటుపోట్లు రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. ఆఖరి సన్నివేశంలో ఎండ నీడలు అంత మేర మార్చాలి. ఇంకొకటి, బురదలో గెంతే చేపలు ఎక్కడా లేవట. నిజమే, ఆటులో ఆ బురద అంతా వాటిదే. రెండు చోట్ల పెడతాం.

అక్టోబర్ 5

నీడలు సరిచేశాం. గెంతే చేపలు మూడు, ఒక్కోదానికి నాలుగే ముక్కలు. ఫైనల్ రెండర్, అంటే అన్నీ కలిపి వీడియోగా తయారుచేయడం, మొదలెట్టాను, మా ల్యాప్‌టాప్‌కి రెండు రాత్రులు పడుతుంది. ఆటు శబ్దం ఒక్కటి మిగిలింది, బురద ఆరుతూ చిటపటలాడే చప్పుడు. రేపు ఉదయం మైకు పట్టుకుని కోరింగ వెళ్ళాలి, పడవ అబ్బాయికి ఫోన్ చేశాను.

వదిన ఒక చిక్కు తెచ్చింది. సిట్‌కామ్ అంటే వచ్చే వారం మళ్ళీ మొదటి నుంచే కదా. ఇప్పుడు వీళ్ళిద్దరూ కలిసిపోతే రెండో ఎపిసోడ్‌లో తగువు ఎక్కడిది? నేను రెండు వారాలుగా తప్పించుకుంటున్న ప్రశ్న ఇది. జవాబు మాత్రం ఆవిడే చెప్పింది. తనకి చిన్నప్పటి స్నేహితురాలు ఒకావిడ ఉంది, అదే వీధి కోడలు. అత్తగారి ముందు ఇద్దరూ మీరూ అండీ. పెరట్లో గిన్నెలు తోముకునే దగ్గర ఒసేయ్, ఏమే.

రెండో ఎపిసోడ్ మొదటి పేజీ రాశాను.

ఉదయం. గట్టు మీద మండపీత ప్రెసిడెంటు, కొంగలు, లకుముకి పిట్ట. బావురమ్మా ఈలమ్మా ఒకే చేప దగ్గరికి చెరోవైపు నుంచీ వస్తారు.

బావురమ్మ: "ఏవండీ, అది నాదండీ."
ఈలమ్మ: "ఆయ్, పేరు రాసుందాండీ దాని మీద?"

మండపీత గొంతు సవరించుకుని 1839లో అంటాడు. అందరూ చల్లగా జారుకుంటారు. ఆయన కూడా వినేవాళ్ళు లేక బొరియలోకి దిగుతాడు. గట్టు ఖాళీ.

బావురమ్మ చేపని రెండుగా చీలుస్తుంది.

"తోక వైపు తీసుకో. ముల్లు తక్కువ."